శ్రీ లేని ఉత్తరాలు

ఉదయగిరిలో ఒకే వారంలో, జ్వరం తగలకుండా, పాము కరవకుండా, నా చేతి మీదుగా ముగ్గురు చచ్చిపోయారు. కంగారుపడకండి. ముగ్గురూ ఆ పూట కడుపునిండా తిన్నవాళ్లే. ఒకావిడైతే తన చావుకు తనే కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది. మూడోవాణ్ణి నేనే. ఇంత ఘనకార్యానికి నాకు కత్తీ కర్రా ఏమీ కావలసి రాలేదు. ఒక కలం, ఒక సిరాబుడ్డి, నాలుగు డబ్బులు అదనంగా సంపాదిద్దామన్న బుద్ధి సరిపోయాయి.

దేశానికి స్వతంత్రం వచ్చి మూడు నాలుగేళ్లయిన రోజులవి. ఉదయగిరి బళ్లో నేను కొత్తగా చేరిన అయ్యవారిని. ఖాదర్ సాయిబు ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. సాయిబు చెక్క గరిటెలు చెక్కేవాడు. పొద్దున లేస్తే వాకిట్లో ఉలి చప్పుడు, గదిలోకి ఎగిరొచ్చే చెక్కపొట్టు. గోడ చుట్టూ వందల గరిటెలు వేలాడేవి, తిప్పడానికి నా దగ్గర ఒక్క కుండ కూడా లేదు. రెండు పూటలా బస్సులాగే చోట హోటల్లో తిని వచ్చి, ఆ గరిటెల కింద పడుకునేవాణ్ణి.

పెళ్లయి ఏడాది దాటింది. నా భార్య కామాక్షి ఆత్మకూరులో పుట్టింట్లోనే ఉంది. మామగారికి అక్కడ బజారులో కొట్టు ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయన నా గది చూడటానికి వచ్చి, గడపలోనే నిలబడి, తీర్పు చెప్పేశాడు.

"వంటిల్లు విడిగా ఉండే ఇల్లు చూడు అల్లుడూ. ఆ రోజే నా బిడ్డని బస్సెక్కిస్తాను. ఈ పొట్టులో కూర్చోబెట్టేదానికి మాత్రం పంపను."

వంటిల్లున్న ఇల్లు ఊళ్లో లేకపోలేదు. బడి జీతంలో దాని అద్దె కట్టి, మిగిలినదాంతో ఇద్దరం తినడం ఎట్లాగన్నదే నాకు తేలలేదు. అందుచేత కామాక్షి ఆత్మకూరులో, నేను గరిటెల కింద.

ఒంటరితనం అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదనుకోకండి. అమ్మా నాన్నా నేను పలక పట్టకముందే పోయారు. నెల్లూరులో ఒక దూరపు బాబాయి ఫీజు కట్టి హాస్టల్లో పడేశాడు. ఇంటినుంచి ఉత్తరం అనేది నా జన్మలో నాకు ఒక్కటీ రాలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నా వెధవతనమంతా ఇక్కడే పుట్టింది. మామగారు కూడా ఉత్తరాల మనిషి కాదు. చెప్పదలచుకున్నది బస్సు డ్రైవరు చెవిలో వేసి పంపేవాడు. ఆ డ్రైవరు హోటలు ముందు బస్సాపి, ఊరంతా వినేటట్టు, "అయ్యోరూ, మీ మామ ఇల్లు దొరికిందా అని అడగమన్నాడు" అని కేకేసేవాడు.

కామాక్షి అయిదో తరగతి దాకా చదివింది. ఉత్తరం రాయగలదు. కానీ కొత్త పెళ్లికూతురు మొగుడికి ఉత్తరం రాయడం ఆ ఇంట్లో కనీవినీ ఎరగరు. అయినా నేను రోజూ తపాలా మస్తానయ్య వచ్చే వేళకు, వాన పడుతుందేమో చూస్తున్నట్టు ఆకాశంలోకి చూస్తూ గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఉదయగిరిలో వాన కోసం ఆకాశం వైపు చూసేవాణ్ణి ఎవరూ అనుమానించరు. మస్తానయ్య మాత్రం నేను నోరు తెరవకముందే, "నీకేం లేదయ్యోరూ" అని చెప్పి వెళ్లిపోయేవాడు. నాకది రోజూ కొత్తగానే తగిలేది.

ఆ రోజుల్లోనే పోస్టాఫీసు అరుగు మీద ఉత్తరాలు రాసిపెట్టే ముసలాయన కళ్లు కనపడక కావలిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. చదువురాని వాళ్లు కార్డులు చేత్తో పట్టుకుని, దారిన పోయే ప్రతి చొక్కా మనిషినీ బతిమాలుతుండేవాళ్లు. నా బుర్రలో దీపం వెలిగింది. పొద్దున బడి గంటకు ముందు ఒక గంట, ఆదివారం పూటంతా ఆ అరుగు మీద కూర్చుంటే, కార్డుకో అణా వచ్చినా వంటిల్లు ఇంకెంత దూరం?

"పెట్టుబడి లేని వ్యాపారం," అన్నాను ఖాదర్ సాయిబుతో.

"సిరాకి పెట్టుబడి గదా," అన్నాడు సాయిబు గరిటె గీకుతూ.

"సిరా నా దగ్గర ఉంది."

"అయితే నష్టం రాదులే," అన్నాడు. సాయిబుకు తెలుగు అక్షరాలు రావు. వచ్చి ఉంటే నన్ను ఆ ఆదివారమే కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టేవాడు.

నా మొదటి గిరాకీ చెంచమ్మవ్వ. కూతుర్ని మర్రిపాడుకిచ్చింది. బుట్టలో కోడిగుడ్లు పక్కన పెట్టుకుని, అరుగు మెట్టు మీద కూలబడింది.

నేను పాఠ్యపుస్తకంలో నేర్చుకున్న పద్ధతిలో మొదలుపెట్టాను. పైన మధ్యలో శ్రీ. కింద, చిరంజీవి సౌభాగ్యవతికి దీవించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి, ఇక్కడ మేమందరము క్షేమము, అక్కడ మీ అందరి క్షేమసమాచారములు వెంటనే తెలియజేయవలెను. తలెత్తి చూసేసరికి కార్డులో సగం అయిపోయింది. ఆ మిగిలిన సగంలో చెంచమ్మవ్వ మేక ఈనడం, రెండు పిల్లలు పుట్టడం, వాటిలో ఒకటి తెల్లది కావడం, ఎదురింటివాళ్లతో గొడవ, నడుం నొప్పి పట్టలేదు.

"ఇంకా నడుం నొప్పి రాయలేదే," అంది అవ్వ.

"చోటు లేదవ్వా."

"మరి ఇంతసేపు ఏం రాసినావు?"

నిజమే కదా, ఇంతసేపు ఏం రాశాను అని నాకూ అనిపించింది. పొద్దుగూకేదాకా ఆలోచించాను. ప్రతి కార్డు మీదా ఆ శ్రీ, ఆ క్షేమం, ఆ కుశలోపరి. చదివేవాళ్లకు అవి నోటికి వచ్చు, రాసేవాడికీ వచ్చు. అణా ఇచ్చిన మనిషి మాటకు చోటు లేకుండా ఈ పాత చెత్తంతా ఎందుకు? మర్నాటినుంచి తీసేశాను. శ్రీ లేదు, క్షేమం లేదు, కార్డు మొదటి గీతనుంచి చివరి గీతదాకా అసలు మాటే. ఇంటినుంచి ఒక్క ఉత్తరం అందుకున్నవాడెవడైనా ఈ పని చేస్తాడా? నేను చేశాను.

అంతటితో ఆగి ఉంటే సగం పాపమే అంటుకునేది. మిగిలిన చోటు నింపాలి కదా. రెండోసారి చెంచమ్మవ్వ వచ్చి, "దాన్నొకసారి వచ్చి పొమ్మను. అంతే," అంది. నేను కలం పట్టుకున్నాను. గడప వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయనీ, పిలిస్తే పలికే మనిషి ఇంట్లో లేదనీ, కంచంలో చెయ్యి పెడితే ముద్ద నోటిదాకా రావడం లేదనీ, దీపం ఎవరికోసం పెట్టాలో తెలియడం లేదనీ కార్డు నిండా రాశాను. చదివి వినిపించాను. అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా కడుపులో మాట నీకెట్టా తెలిసినాది నాయనా?"

ఆమె కడుపులో మాట నాకెలా తెలుస్తుంది? అది నా కడుపులోది. గడప నాది, ముద్ద నాది, పెట్టని దీపం నాది. ఆ మాట చెప్పలేదు. వినయంగా తలవంచుకుని అణా తీసుకున్నాను.

నా పేరు పాకిపోయింది. అయ్యోరు రాస్తే రాళ్లు కరుగుతాయని అరుగు మీద చెప్పుకునేవాళ్లు. ఎద్దుకు గాలికుంటు తగ్గిందని రాయించుకోవడానికి వచ్చిన ఓబయ్యకు కూడా నేను, ఈ బతుకు ఇంకెన్నాళ్లో, ఒకసారి నీ మొహం చూడాలని ఉంది అని రాసిపెట్టాను. జలదంకిలో ఉండే వాళ్లబ్బాయికి. ఎద్దు సంగతి చివర్లో ఒక్క ముక్క రాశాను.

"బాగుండాది," అన్నాడు ఓబయ్య. "నేను ఇంత దిగులుగా ఉండానని నాకే తెలవదు."

ఆ గిరాకీ చూసి, నాలుగు రోజులైనా కాకముందే కోమటి వీధిలో వంటిల్లున్న ఇల్లొకటి మాట్లాడి పెట్టాను. చిన్నదే. పొయ్యి దగ్గర గూట్లో రెండు డబ్బాలు పెట్టుకోవచ్చు. వంటింటి కిటికీలోంచి కొండ మీది పాతకోట కనిపిస్తుంది. కామాక్షి ఆ కిటికీ దగ్గర నిలబడి ఏం చూస్తుందో కూడా ఊహించేశాను. వచ్చే నెల చేరతామని ఇంటాయనతో చెప్పి, ఆ ఊపులో, ఎవరూ చేయని సాహసం చేశాను. మామగారికి కాదు, నేరుగా కామాక్షికి ఉత్తరం రాశాను. కార్డు కాదు, కవరు.

నా కొత్త పద్ధతిలోనే రాశాను. పైన ఏమీ లేదు. మొదటి మాటే, "ఈ గదిలో దీపం పెట్టే దిక్కు లేదు. మనిషి ఉన్నాడో లేడో అడిగేవాళ్లు లేరు." ఆ కింద మూడు పేజీలు. ఇల్లు దొరికిన సంగతి మూడో పేజీలో ఉంది. కవరు డబ్బాలో వేసి, చేతులు దులుపుకుని, హోటల్లో ఆ పూట రెండో గ్లాసు కాఫీ తాగాను.

మూడో రోజు పొద్దున మర్రిపాడు బస్సు వచ్చింది. బస్సులోంచి ఆరుగురు దిగారు. దిగుతూనే జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ చెంచమ్మవ్వ వీధి పట్టారు. చెంచమ్మవ్వ మేకకు ఆకు వేస్తోంది. వీధిలో ఏడుపులు విని, ఎవరో పోయారనుకుని, మర్యాద తెలిసిన మనిషి కనక ఎవరని అడక్కుండా ముందు తనూ గొంతెత్తి ఏడుస్తూ ఎదురొచ్చింది. తల్లీ కూతుళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. కొంతసేపటికి కూతురికి అనుమానం వచ్చింది.

"అమ్మా, నువ్వెందుకు ఏడస్తా ఉండావు?"

"నువ్వేడస్తా ఉంటే నేను ఊరుకుంటానా? పోయింది ఎవరమ్మీ?"

"నువ్వే గదా," అంది కూతురు.

ఈ సంగతి నాకు అరుగు మీద తెలిసేసరికి ఓబయ్య కొడుకు కూడా జలదంకి నుంచి దిగాడు. వాడికి నున్నటి గుండు. వాడి ముందు ఓబయ్య నిలబడి ఒగరుస్తున్నాడు.

"నేను బతికుండంగానే గుండెందుకు కొట్టించినావురా?"

"ఈడికొచ్చినాక మంగలి దొరుకుతాడో లేదోనని ముందే కొట్టించుకున్నాను నాయనా. అప్పుడే పని అయిపోతాది గదా అని."

"అంత తొందరెందుకురా నీకు?"

"కార్డొస్తే నన్నేం చెయ్యమంటావు?"

ఆ మాటతో ఇద్దరూ నా వైపు తిరిగారు. మర్రిపాడు వాళ్లు కూడా వచ్చి చుట్టూ చేరారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఎవరు పోయారనీ రాయలేదే అన్నాను. నా మోకాలి మీద సగం రాసిన కార్డు ఉంది. మస్తానయ్య గుంపులోంచి వచ్చి దాన్ని తీసుకుని ఇటూ అటూ తిప్పాడు.

"పైన శ్రీ ఏదయ్యోరూ?"

"తీసేశాను. చోటు కోసం."

"క్షేమం?"

"అది కూడా."

మస్తానయ్య కార్డును రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి దూరంగా పెట్టాడు.

"శ్రీ లేకుండా, క్షేమం లేకుండా కార్డొచ్చినాదంటే మనిషి పోయినట్టు. దాన్ని గడప దాటనియ్యరు. వాకిట్లోనే నాలుగు మాటలు చదివి, చించి పారేసి, తలకు పోసుకుంటారు. ఇది తెలవనోళ్లు ఉంటారా?"

ఉన్నాను కదా. అంత గుంపులో ఆ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే, అయ్యవారిని. మా అమ్మానాన్నలు పోయినప్పుడు ఎవరికి కార్డులు వెళ్లాయో, ఎవరు చించారో నాకు తెలియదు. ఆ తర్వాత నాకు శ్రీ ఉన్న ఉత్తరమూ రాలేదు, లేని ఉత్తరమూ రాలేదు. ఇదంతా అక్కడ చెప్పుకుంటే ఎవరు వింటారు? ఇక అరుగు మొహం చూడనని చెప్పి, తీసుకున్న అణాలన్నీ తిరిగి ఇచ్చేశాను. ఆరుగురి బస్సు ఖర్చు కూడా నా మీదే పడింది. గుండుకు ఖరీదు ఎంతో తేలక ఓబయ్య కొడుకు దాన్ని వదిలేశాడు. కోమటి వీధి ఇంటాయనకు ఇల్లు వద్దని ఆ నోటితోనే చెప్పి వచ్చాను.

గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, దుప్పటి తలదాకా కప్పుకుని పడుకున్నాను. ఇంటి మీద ఆశ పోయిన దిగులులో, మూడు పేజీల కవరు సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

మధ్యాహ్నం ఆత్మకూరు బస్సు వచ్చిన కాసేపటికి వాకిట్లో మళ్లీ ఏడుపులు వినపడ్డాయి. నేను రాసిన కార్డులు ఇంకెన్ని ఊళ్లకు పోయాయోనని లెక్క వేసుకుంటూ దుప్పటి ఇంకా గట్టిగా లాక్కున్నాను. బయట ఖాదర్ సాయిబు గొంతు.

"అయ్యోరి కోసమా? లోపలే ఉండాడు. పొద్దున జరిగినాది. అప్పటినుంచి లేవలేదు, పలకలేదు."

తలుపు తెరుచుకుంది. గరిటెల కింద, చాప మీద, నెత్తిదాకా దుప్పటి కప్పుకుని వెల్లకిలా నేను. ఒక ఆడమనిషి నా కాళ్ల మీద పడి, "నా బిడ్డ గొంతు కోసి పోయినావా నాయనా" అని రాగం అందుకుంది. ఆ గొంతు మా అత్తగారిది. దిగ్గున లేచి కూర్చున్నాను. అత్తగారు వెనక్కి పడింది. ఆమె చెయ్యి తగిలి గోడకున్న గరిటెలన్నీ జలజలా మా మీద రాలాయి.

మామగారు గడపలో నిలబడి ఉన్నాడు. తల తడి ఇంకా ఆరలేదు. నన్ను పైనుంచి కిందకు చూశాడు.

"బతికే ఉండావా?" అన్నాడు.

నేను చనిపోనందుకు క్షమించమన్నట్టు నిలబడ్డాను.

"కవరు మీద ఉదయగిరి ముద్ర. లోపల శ్రీ లేదు, క్షేమం లేదు. దీపం పెట్టే దిక్కు లేదు, మనిషి లేడు అని ఉండాది. రెండు గీతలు చదివి చించేసినాను. ఎవరు రాసినారో కూడా చూళ్లేదు. ఎవరు రాసినారది?"

"నేనే," అన్నాను.

"నీ చావు కబురు నువ్వే రాసినావా?"

ఆయన వెనక, తడి జుట్టుతో, తల వంచుకుని కామాక్షి నిలబడి ఉంది. పెళ్లయ్యాక ఆమెను చూడటం అది నాలుగోసారి. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు. మామగారు గదంతా కలయజూశాడు. పొట్టు, గరిటెలు, చాప, సిరాబుడ్డి.

"వంటిల్లు దొరికినాదా?"

దొరికింది, పొద్దున పోయింది అని చెప్పడానికి నోరు రాలేదు. లేదన్నాను.

"అయితే పదండి. ఇదే బస్సు తిరిగి పోతాది," అన్నాడు భార్యతో, కూతురితో.

నేను వాళ్ల వెనకే బస్సు దాకా నడిచాను. కామాక్షి కిటికీ దగ్గర కూర్చుంది. మామగారు టిక్కెట్లకు వెళ్లాడు. అత్తగారు నడుం పట్టేసిందని వెనక సీట్లో మూలుగుతోంది. కామాక్షితో ఏం మాట్లాడాలో తెలియక, నా మూలంగా ఏడ్చావు అన్నాను.

కామాక్షి కొంగు చివర ముడి విప్పింది. అందులో చిన్న చిన్న కాగితం ముక్కలు. నా ఉత్తరం.

"నాయన చించి వాకిట్లో పారేస్తే ఏరుకున్నాను," అంది నా వైపు చూడకుండా. "బస్సెక్కేదాకా ఏడ్చింది నిజమే. బస్సులో కొంగు చాటున పేర్చి చూసుకున్నాను. మీ పేరుండే ముక్క కూడా దొరికింది."

"అయితే నేను బతికున్నానని నీకు దారిలోనే తెలుసా?"

"తెలుసు."

"మరి మామగారికి చెప్పలేదే?"

"చెప్తే దారిలో నెల్లూరుపాళెం కాడే దింపేసి వెనక్కి తీసకపోయుంటాడు," అంది. ముక్కలన్నీ మళ్లీ కొంగులో పెట్టి ముడి వేసుకుంది. బస్సు ఇంజను మొదలైంది. మామగారు ఎక్కుతున్నాడు. అప్పుడామె నా వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఈసారి పైన శ్రీ పెట్టి రాయండి. లోపల మాత్రం అట్నే రాయండి."

బస్సు పోయింది. వంటిల్లు దొరకడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది.

కాబట్టి మహాజనులారా, నాటినుంచి నేటివరకు, సెలవు చీటీ రాసినా, తలుపు మీద ఇప్పుడే వస్తానని సుద్దతో రాసినా, పైన శ్రీ చుట్టకుండా నేను కలం కదపలేదు. ఈ కట్టె కాలేదాకా కదపనని, ఖాదర్ సాయిబు గరిటెల సాక్షిగా, ఓబయ్య కొడుకు గుండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ తొమ్మిది నెలలూ వారం తప్పకుండా ఆత్మకూరికి కవరు వెళ్లింది. పైన శ్రీ, దాని కింద ఇక్కడ నేను క్షేమం అని రాసి, ఆ కింద మూడు పేజీలు క్షేమంగా లేనని రాసేవాణ్ణి.